గ్రీకు అంకెలకు సైన్స్ పుస్తకంలో ఒక పేజీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

సైన్స్ అంటే బట్టీ పట్టే సబ్జెక్టని పిల్లలు అనుకుంటున్నారంటే అందుకు చాలావరకు మనం నేర్పే తీరే కారణం. పెంటేన్ కెమిస్ట్రీ పీరియడ్‌లో వస్తుంది. పెంటోజ్, పెంటడాక్టైల్ బయాలజీలో వస్తాయి. మూడింటి మొదట్లో ఉన్నది ఐదు అనే ఒకే గ్రీకు అంకె. పెంటేన్ అణువులో ఐదు కార్బన్లు ఉంటాయి. పెంటోజ్ చక్కెరలోనూ ఐదే, ఆర్‌ఎన్‌ఏలోని రైబోజ్ ఆ కోవలోదే. పెంటడాక్టైల్ అంటే ఐదు వేళ్లున్నది. మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క ఆ ఒక్క నమూనా మీదే ఏర్పడ్డాయి. ఈ సంగతి ముందే ఒకసారి చెప్పకపోవడం వల్ల పిల్లలు మూడు పేర్లనూ విడివిడిగా కంఠతా పడుతున్నారు. రెండు సబ్జెక్టుల టీచర్లూ ఎవరి పాఠం వాళ్లు చెప్పుకుపోతారు తప్ప, ఇది అక్కడ నేర్చుకున్నదే కదా అని గుర్తుచేసేవాళ్లు తక్కువ.

అందుకే నా విన్నపం. మోనో నుంచి డెకా వరకు పది అంకెలను సైన్స్ పుస్తకం మొదట్లోనే ఒక పేజీలో ఇవ్వాలి. ప్రతి అంకెకూ కెమిస్ట్రీ, బయాలజీ ఉదాహరణలు పక్కపక్కనే ఉండాలి.

డీడీటీ పూర్తి పేరునే తీసుకోండి: డైక్లోరో డైఫినైల్ ట్రైక్లోరో ఈథేన్. చూడగానే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. విడదీస్తే అందులో బెదరాల్సిందేమీ లేదు. డైఫినైల్ అంటే ఆరేసి కార్బన్ల ఫినైల్ వలయాలు రెండు. డైక్లోరో అంటే రెండు క్లోరిన్లు, వలయానికి ఒకటి. మిగిలింది రెండు కార్బన్ల ఈథేన్ ముక్క, దాని మీద మరో మూడు క్లోరిన్లు. క్లోరిన్లు కూడితే 5. కార్బన్లు ఆరు, ఆరు, రెండు కలిపి 14. ఫార్ములాలో ఉన్నవీ సరిగ్గా ఇవే. పెట్రోల్ నాణ్యతకు ఆక్టేన్ నంబరు అంటుంటాం. ఆ కొలతలో 100గా తీసుకున్న ఐసో ఆక్టేన్ శాస్త్రీయ నామం 2,2,4-ట్రైమిథైల్ పెంటేన్. పెంటేన్‌లో ఐదు కార్బన్లు, మూడు మిథైల్ గుంపుల్లో మూడు, మొత్తం ఎనిమిది. ఆక్టోపస్‌కు ఉన్న చేతులూ ఎనిమిదే. ఇలా లెక్క సరిపోయినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే సంతోషం ఏ బట్టీలోనూ రాదు.

ఆరు సంగతీ అంతే. హెక్సేన్‌లో ఆరు కార్బన్లు, హెక్సోజ్ అయిన గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు. కీటకాలు చేరే హెక్సాపోడాకు ఆరు కాళ్లు. రొట్టెకు వాడే గోధుమ హెక్సాప్లాయిడ్, అంటే ఏడేసి క్రోమోజోముల సెట్లు ఆరు, మొత్తం 42. పీతలు, రొయ్యలు డెకాపోడాలో ఎందుకున్నాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. గ్రీకు, సంస్కృతం ఒకే భాషా కుటుంబానివి కాబట్టి మనం రోజూ వాడే సంస్కృత అంకెలు వీటికి చుట్టాలే. త్రి–ట్రై, పంచ–పెంటా, అష్ట–ఆక్టా, దశ–డెకా. సంస్కృతంలో ‘స’ ఉన్నచోట గ్రీకులో తరచు ‘హ’ వస్తుంది, అందుకే సప్త అక్కడ హెప్టా అయింది. త్రిభుజం, అష్టభుజి చదివిన పిల్లలకు ఈ పేజీ భారం కానే కాదు.

మినహాయింపులు ఉన్నాయిగా అని కొందరు అనవచ్చు. ఉన్నాయి, వాటినీ అదే పేజీలో చెప్పాలి. మీథేన్ నుంచి బ్యూటేన్ వరకు నాలుగు పేర్లలో అంకెలు లేవు. తొమ్మిదికి వాడే నోనా లాటిన్ మాట. పాములకు కాళ్లు లేకపోయినా వాటిని టెట్రాపోడాలో చేర్చింది వాటి పూర్వీకులకు నాలుగు కాళ్లు ఉండేవి కనుక. తెలుగు లిపి వల్ల వచ్చే చిక్కులు మరీ ముఖ్యం. ట్రిప్లాయిడ్‌లోని (మూడు క్రోమోజోము సెట్లున్నది) ట్రి మూడే కానీ ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైముకు మూడుతో సంబంధం లేదు. డయాక్సైడ్ అంటే రెండు ఆక్సిజన్లు. డయాబెటిస్‌లోని డయా మాత్రం ‘గుండా’ అనే అర్థమిచ్చే వేరే మాట. ఇంగ్లీషు స్పెల్లింగులో కనిపించే ఈ తేడాలు మన రాతలో కలిసిపోతాయి. కాబట్టి తెలుగు మీడియం పిల్లలకు ఎవరో ఒకరు విడమరిచి చెప్పి తీరాలి.

పేజీ అచ్చువేసి వదిలేస్తే దాన్ని తిప్పేసి ముందుకు పోతారు. పరీక్షలో రెండు మార్కులకైనా దాని మీద ప్రశ్న ఉండాలి. డైనైట్రోజన్ పెంటాక్సైడ్ పేరు చూసి ఫార్ములా రాయమనవచ్చు. ఏటీపీ (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) ఏడీపీగా (అడినోసిన్ డైఫాస్ఫేట్) మారితే ఎన్ని ఫాస్ఫేట్లు తగ్గాయో పేర్లను బట్టే చెప్పమనవచ్చు. పాఠ్యపుస్తకాలు రాసేవారు, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు వచ్చే ముద్రణలోపే దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

— ఒక సైన్స్ ఉపాధ్యాయురాలు