గుట్టల సారు అప్పగించిన తాళ్ల పుస్తకం: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, శ్రేయోభిలాషులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఏడాదిలో జరిగిన కార్యక్రమాలను నెలల వారీగా చెప్పుకుంటూ రావడం మన నివేదికల ఆనవాయితీ. ఈసారి ఆ వరుస తప్పుతున్నందుకు సభ్యులు అన్యథా భావించవద్దని మనవి. గుట్టలెక్కే మన సంఘంలో అందరికీ తాడు పట్టడం నేర్పిన గుట్టల సారు, మోకాళ్ల నొప్పుల వల్ల ఇకమీదట తాను ముందుండి ఎక్కలేనని, ఎవరినీ ఎక్కించే బాధ్యత కూడా తీసుకోనని ఏడాది మొదట్లోనే చెప్పారు. ఆ తర్వాత మనం తలపెట్టిన ప్రతి పనీ, ఆయన లేకుండా చేయగలమా అన్న ప్రశ్నతోనే మొదలైంది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆయన గురించే ఉంటుంది.

కొత్తగా చేరిన సభ్యుల కోసం కొంత చెప్పాలి. సారు దేవరకొండ ప్రాంతంలో ఒక గీత కార్మిక కుటుంబంలో పుట్టారు. ఆయన తండ్రి తెల్లవారుజామున తాటిచెట్టు ఎక్కబోయే ముందు, నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడైన మోకును వెలుతురుకు పట్టి, జానెడు జానెడుగా వేళ్లతో తడిమి, కాళ్లకు వేసుకునే గుజిని రెండుసార్లు లాగి చూసి, ఆ తర్వాతే తమ దైవం కాటమయ్యకు దండం పెట్టుకునేవారట. దండం ముందు పెట్టి మోకును తర్వాత చూసిన రోజు తనకు ఒక్కటీ గుర్తులేదని సారు చెబుతుంటారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉద్యోగంలో చేరిన తర్వాత ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల ప్రాథమిక కోర్సు చేసి వచ్చి, ఆదివారాలు పిల్లలను దేవరకొండ ఖిల్లాకు, ఎండాకాలం సెలవుల్లో పెద్దవాళ్లను హిమాలయాలకు తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఊళ్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు తక్కువ.

నల్లగొండలో పెరిగిన మనకు గుట్ట కొత్త కాదు. పట్టణంలో ఏ కూడలిలో నిలబడి తలెత్తినా లతీఫ్ సాహెబ్ గుట్టో, కాపురాల గుట్టో కనిపిస్తూనే ఉంటుంది. కానీ చూడటం వేరు, రాయిని చదవడం వేరు అని మనకు తెలియజెప్పింది సారే. మన ప్రాంతపు గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఎండకు వానకు అది ఉల్లిపొరల్లా పొరలు పొరలుగా విడిపోతుంది. పైకి గట్టిగా కనిపించే పొర వెనక ఖాళీ ఉండవచ్చు. కుమ్మరి దగ్గర కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో తట్టి చూసినట్టు సారు ప్రతి పట్టునూ తట్టి, గుల్ల శబ్దం వస్తే దాన్ని వదిలేస్తారు. మన గుట్టల్లో చాలాచోట్ల చేతికి పట్టే దొరకని నున్నటి వాలు రాళ్లే ఎక్కువ. భయపడిన మనిషి సహజంగా రాయికి అతుక్కుపోతాడు, అలా అతుక్కున్నప్పుడే పాదం మీద బరువు తగ్గి కాలు జారుతుంది. "మడిమె కిందికి దించు బిడ్డా, నడుము రాయికి దూరం పెట్టు" అన్న ఆయన మాట వినని సభ్యుడు మన సంఘంలో ఎవరూ లేరు. వాన వెలిసిన తర్వాత రాయి మీద నీళ్లు కారిన నల్లటి చారలను తొక్కవద్దని, ఎండ ముదిరాక పెద్ద తేనెపట్టు ఉన్న వైపు వెళ్లనే వద్దని ఆయన పెట్టిన నియమాలను ఈ ఏడాది కూడా పాటించాం. దసరా తర్వాత మొదలైన సాధన మాఘమాసం చివరి దాకా భువనగిరి, దేవరకొండ, కోయిలకొండల్లో సాగింది. ఘనపురం ఖిల్లాకు అనుకున్న యాత్ర వీలుపడలేదు.

సారుకు కృతజ్ఞత చెప్పుకునే సభను భువనగిరి గుట్ట కింద జరుపుకున్నాం. ఈ చోటును ఎంచుకోవడానికి కారణం ఉంది. 500 అడుగులకు పైగా ఎత్తున్న ఆ ఏకశిల, పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరిగా మొదలై భువనగిరిగా స్థిరపడింది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా అది మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలిసారి రాయి ఎక్కడం నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. వారి శిక్షణలో సారుకు ఏ పాత్రా లేదు. ఉందని ఎవరైనా మర్యాదకు అన్నా ఆయనే లేచి సరిదిద్దుతారు. అయితే అంతకు ముందు, ఆడపిల్లను గుట్టలెక్కిస్తారా అని ఇంటి గడప దగ్గరే మమ్మల్ని నిలబెట్టిన తల్లిదండ్రులు, ఆ తర్వాత తామే పిల్లల చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరకు రావడం మేం కళ్లారా చూశాం.

సభలో శాలువాలు, పూలదండలు వద్దని సారు ముందే షరతు పెట్టారు. అందుకని వచ్చిన మిత్రులంతా వేపచెట్టు కింద జంపఖానాల మీద కూర్చుని తలా ఒక సంగతి చెప్పారు. వాటిలో రెండింటిని ఇక్కడ నమోదు చేయడం అవసరమని కార్యవర్గం భావిస్తోంది.

మొదటిది ఉత్తరాఖండ్‌లో జరిగింది. చాలా ఏళ్ల కిందట పాలమూరు, నల్లగొండల నుంచి వెళ్లిన ఒక బృందం శిఖరానికి కొన్ని గంటల దూరంలో గుడారాలు వేసుకుంది. ఆ రాత్రి ఒక కుర్రవాడికి పొడి దగ్గు మొదలైంది. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గడం లేదు, పడుకుంటే ఇంకా ఎక్కువవుతోంది. ఎత్తైన చోట ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదనడానికి అది గుర్తని, దానికి మొదటి మందు కిందికి దిగడమేనని సారుకు తెలుసు. తెల్లవారే దాకా ఆగుదామని కొందరు, ఒకరిద్దరు వాడిని దింపితే మిగతావాళ్లం పైకి పోతామని ఇంకొందరు వాదించారు. ఏడాదంతా డబ్బు కూడబెట్టుకుని వచ్చిన వాళ్ల బాధ కూడా చిన్నది కాదు. సారు ఎవరితోనూ వాదించకుండా కుర్రవాడి సామాను తన భుజానికెత్తుకుని, తలకు లైటు కట్టుకుని, అందరినీ వెంటబెట్టుకుని ఆ చీకట్లోనే దిగారు. చాలా కిందికి వచ్చాక గానీ కుర్రవాడి ఊపిరి కుదుటపడలేదు. అప్పుడు సారు మీద కోపంతో తిరుగు ప్రయాణంలో రైలు దిగే దాకా ఆయనతో మాట్లాడని సభ్యుడే, సభలో ఈ సంగతంతా చెప్పి, ఆయన చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆనాటి కుర్రవాడు తన ఇద్దరు పిల్లలతో పక్కనే కూర్చున్నాడు. సారు అన్నది ఒకటే మాట: "దిగుడు రానోడు ఎక్కొద్దని మీకు నల్లగొండలనే చెప్పిన గద."

రెండోది అమ్రాబాద్ అడవిలోని ఒక చెంచు పెంట (గూడెం) నుంచి వచ్చిన పెద్దాయన చెప్పారు. కొండ అంచు నుంచి తేనె తీయడానికి చెంచులు తాడు మీద లోయలోకి దిగుతారు. అలా దిగేవాడి తాడును పైన కాపాడే పని బావమరిదికి అప్పగిస్తారు. తన అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలు ఆ తాడు మీదే ఉన్నాయన్న ఎరుకతో అతడు దాన్ని వదలడని వారి నమ్మకం. బావ బతుకు కోరేవాడు బావమరిది అన్న మాట మనకు సామెతగానే తెలుసు. సారు ఒకసారి ఆ పెంటలో రోజంతా తేనె తీయడం చూసి, మరుసటి వారం నుంచి మనకు బిలే పాఠాన్ని, అంటే ఎక్కేవాడి తాడు పట్టి కాపాడే పద్ధతిని, కొత్తగా చెప్పడం మొదలుపెట్టారట. కింద నిలబడి తాడు పట్టుకునే మనిషిని ఆయన ఆనాటి నుంచి "బామ్మర్ది" అనే పిలుస్తారు. ఆ పిలుపు వెనక ఇంత కథ ఉందని మాలో చాలామందికి ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లుగా దాన్ని సరదా మాటగా తీసుకున్నందుకు మాకు సిగ్గనిపించింది.

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవి లోయలో జరిగే సలేశ్వరం జాతరలో ఈసారి కూడా మన సభ్యులు సేవ చేశారు. "వత్తన్నం లింగమయ్యో" అంటూ దిగేవాళ్లు, "పోతన్నం లింగమయ్యో" అంటూ ఎక్కేవాళ్లు ఒకే ఇరుకు బాటలో ఎదురుపడే చోట వృద్ధులకు, పసిపిల్లల తల్లులకు చేయందించడం, నీళ్లివ్వడం మన పని. సారు లోయలోకి దిగలేదు. పైన నిలబడి, చెప్పులు జారుతున్న వాళ్లను, నీళ్ల సీసా లేకుండా దిగబోతున్న వాళ్లను ఆపి మాట్లాడుతూ రోజంతా గడిపారు.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో అన్నింటికన్నా ఉపయోగపడింది గీత కార్మికులతో జరిపిన శిక్షణ అని ఈ కార్యదర్శి అభిప్రాయం. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వారికి భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. మేం వెళ్లిన ఊళ్లలో కొందరి ఇళ్లలో ఆ కిట్లు గోడకు వేలాడుతూ కనిపించాయి. కారణం అడిగితే, పొద్దున్నే చెట్టు తర్వాత చెట్టు ఎక్కి దిగేవాడికి ప్రతిసారీ తాడు బిగించి విప్పడానికి సమయం ఎక్కడిదని వాళ్లే మమ్మల్ని ఎదురడిగారు. సారు ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. మోకు మనిషిని చెట్టుకు ఆనించి నిలుపుతుందే తప్ప, కాలు జారితే మనిషితో పాటు అదీ కిందికి జారుతుందని, నడుముకు, తొడలకు బిగించుకునే పట్టీల హార్నెసుకు కట్టిన రెండో తాడు అక్కడే పట్టి ఆపుతుందని, తాటిమొద్దు మీద నడుమెత్తు దాకా ఒకరిని ఎక్కించి, జారనిచ్చి చూపించారు. తర్వాత తాడు మార్చడంలో ఎక్కడ ఆలస్యమవుతోందో వాళ్లనే చేసి చూపమని అడిగి, ఆ కదలికను పదేపదే సాధన చేయించారు. తండ్రి మోకు గురించి ఆయన మాట్లాడినప్పుడు ఆ గుంపులో ఒక్కరూ కదలలేదు. వారిలో చెట్టు మీది నుంచి పడి నడుము విరిగిన అన్నదమ్ములున్నవాళ్లు ఉన్నారు.

ఇక జరగబోయి తప్పిన ఒక ప్రమాదాన్ని సభ్యుల ముందు దాచకుండా పెట్టాలి. దేవరకొండ సాధనలో ఈ నివేదిక రాస్తున్న కార్యదర్శే ఎక్కడానికి సిద్ధమవుతూ, ఎనిమిది అంకె ముడిలో మొదటి సగం వేసి, తాడు కొసను హార్నెసులోంచి తీసి, తిరిగి ముడి వెంట నడిపించే లోపు ఫోను మోగితే మాట్లాడాడు. మాట ముగిశాక ముడి పూర్తయిందనే భ్రమలో రాయి దగ్గరకు నడిచాడు. నేల వదిలే ముందు ఎక్కేవారు, తాడు పట్టేవారు ఒకరి ముడిని, ఒకరి కొక్కెం లాకును మరొకరు చేత్తో తాకి, పైకి చెప్పాలన్నది సారు పెట్టిన నియమం. ఆ రోజు తాడు పట్టిన ఇంటర్ విద్యార్థిని ముడిని తాకి "సార్, ఇది సగమే ఉంది" అన్నది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి ముడిని తనిఖీ చేయడానికి ఆ అమ్మాయి మొహమాటపడి ఉంటే ఏమయ్యేదో రాయడానికి చెయ్యి రావడం లేదు. సాధన స్థలంలో ఫోన్లను సంచిలో వేసి పక్కన పెట్టాలన్న నియమాన్ని ఆనాటి నుంచే అమలు చేస్తున్నాం. దూరంగా కూర్చుని ఇదంతా చూసిన సారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

లెక్కలను ఆడిట్ చేయించి సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. ప్రథమ చికిత్స తరగతి ఒకసారి జరిగింది, ఇంకోసారి జరపాలి. క్వారీల కోసం తొలుస్తున్న గుట్టల విషయంలో అధికారులకు వినతిపత్రం ఇచ్చాం. జవాబు కోసం ఎదురుచూస్తున్నాం.

పరికరాల విషయంలో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. ఇన్నేళ్లుగా సారు ఒక పొడవాటి లెక్కల పుస్తకంలో ప్రతి తాడుకూ ఒక పుట కేటాయించి, అది ఎప్పుడు కొన్నది, ఎన్నిసార్లు పడిపోతున్న మనిషి బరువును ఆపింది, ఎప్పుడు నీళ్లలో కడిగి నీడన ఆరబెట్టింది, ఏ చోట పైపొర పీచు లేచింది అన్నీ స్వయంగా రాస్తూ వచ్చారు. వాడినా వాడకపోయినా పదేళ్లు దాటిన తాడును ఆయన ఉంచరు. పొరపాటున కూడా ఎవరూ దానితో ఎక్కకుండా చిన్న ముక్కలుగా కోసి ఊళ్లో రైతులకు ఇస్తారు. మన తాళ్లలో కొన్ని ఇప్పుడు దేవరకొండ చుట్టుపక్కల బర్రెల మెడలో పలుపులుగా ఉన్నాయి. ఈ ఏడాది అలా రెండు తాళ్లను పక్కన పెట్టి, వాటి స్థానంలో సాగే గుణమున్న ఒక తాడును, కిందికి దిగడానికి వాడే సాగని తాడు ఒకదాన్ని కొన్నాం.

సభ ముగిశాక సారు ఆ పుస్తకాన్ని సంఘానికి అప్పగించారు. కొత్త తాళ్లకు పుటలు తెరిచి, తేదీలు వేసి, తనిఖీ చేసినవారి సంతకం గడిని మాత్రం ఖాళీగా ఉంచారు. దేవరకొండలో నా ముడిని ఆపిన అమ్మాయిని పిలిచి, కొత్త తాడును ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేళ్లతో తడిమించి, ఆ గడిలో ఆమె చేత సంతకం పెట్టించారు. పుస్తకం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. తాడు తీసుకువెళ్లే సభ్యులు ఆమె వద్ద వివరాలు రాయించి తీసుకోవాలని, తెచ్చిన రోజే తిరిగి చూపించాలని కార్యవర్గం కోరుతోంది.

ఇట్లు,
కార్యదర్శి,
కార్యవర్గం తరఫున