ఉన్నత పాఠశాలల్లో ప్రాజెక్టు బోధన: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నల్లగొండ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో సైన్సు, గణితం, సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులతో కలిసి మన సంఘం ఈ విద్యాసంవత్సరం చేసిన పని ఈ నివేదికలో ఉంది. జమాఖర్చుల పత్రం ఆడిట్ సంతకంతో విడిగా జతచేశాం. ఇక్కడ తరగతి గదిలో ఏం చేశాం, ఎలా చేశాం, ఎక్కడ ఇబ్బంది వస్తుంది అన్నవే రాస్తున్నాం. వచ్చే ఏడాది ఈ పనిని మరో పాఠశాలలో మొదలుపెట్టే సభ్యులకు అవే పనికొస్తాయి.

ముందుగా మార్కుల సంగతి. మన నిర్మాణాత్మక మూల్యాంకనంలో ఒక్కో ఎఫ్ఏకి (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) 50 మార్కులు: పిల్లల భాగస్వామ్యం 10, రాత పనులు 10, ప్రాజెక్టు పని 10, లఘు పరీక్ష 20. ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, ఆరేడు సబ్జెక్టులు. కాగితం మీద లెక్కేస్తే ఒక్కో విద్యార్థి ఏడాదిలో పాతిక ప్రాజెక్టుల దాకా చేయాలి. అన్ని ప్రాజెక్టులు ఎవరి వల్లా కావు. అందుకే జెరాక్స్ షాపులో ప్రింటు తీసిన నాలుగు పేజీలు, థర్మాకోల్ మీద అతికించిన బొమ్మ ప్రాజెక్టు పేరుతో చలామణి అవుతున్నాయి. తప్పు పిల్లలది కాదు, టీచర్లదీ కాదు, లెక్కే అసాధ్యం.

2024 నవంబరు చివర్లో పదో తరగతి ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించి, ఒక్కరోజు తేడాతో ఈ ఏడాదికి పాత 80–20 పద్ధతే (పరీక్షకు 80, ఇంటర్నల్‌కు 20) ఉంటుందని చెప్పింది. ఆ రెండు రోజుల్లో చాలా స్టాఫ్ రూముల్లో వినిపించిన మాట ఒకటే: "మార్కులు లేకపోతే ప్రాజెక్టులెందుకు?" మార్కుల కోసమే చేసే ప్రాజెక్టు మార్కులతోపాటే పోతుంది. పాఠం అర్థం కావడానికి చేసే ప్రాజెక్టు అలా పోదు. ఈ ఏడాది మన ప్రయత్నమంతా ఆ రెండో రకం కోసమే.

పద్ధతి ఇది. ప్రతి సబ్జెక్టుకూ వేరువేరుగా కాకుండా, తొమ్మిదో తరగతికి ఒక టర్ములో ఒకే ప్రాజెక్టు. వారానికి రెండు పీరియడ్లు, ఆరు వారాలు. సైన్సు, గణితం, సాంఘికం, తెలుగు ఉపాధ్యాయులు నలుగురూ అదే పని నుంచి తమ తమ సబ్జెక్టు మార్కులు వేసుకుంటారు. దీనికి హెచ్ఎం ముందే ఒప్పుకుని టైంటేబులులో ఆ రెండు పీరియడ్లు పక్కపక్కన పెట్టాలి. 45 నిమిషాల పీరియడులో సామాను తీయడానికి పది నిమిషాలు, సర్దడానికి పది పోతే పని జరగదు.

మన ఊరి నీళ్లు

ఈ ప్రాజెక్టును ఎంచుకోవడానికి కారణం నల్లగొండలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఎక్కువైతే పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడు మాట ఇక్కడ పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు ఇళ్లకు మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా వస్తోంది. అయినా పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవాళ్లున్నారు, ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను తెచ్చుకునేవాళ్లున్నారు. ఏ నీళ్లలో ఏముందో ఇంటింటికీ ఒక అభిప్రాయం ఉంది. కొలిచినవాళ్లు తక్కువ.

మొదటి వారంలో కొలతలేవీ ఉండవు, ప్రశ్న తయారుచేయడమే పని. "నీటి కాలుష్యం గురించి రాయండి" అంటే గైడులో జవాబు ఉంది. "ఉప్పగా ఉన్న బోరులోనే ఫ్లోరైడు ఎక్కువుంటుందా?" అంటే గైడులో లేదు, టీచరు దగ్గరా సిద్ధంగా లేదు. మంచి ప్రాజెక్టు ప్రశ్నకు మేం పెట్టుకున్న పరీక్ష మూడు మాటలు: జవాబు ముందే తెలియకూడదు, పిల్లలు కొలవగలగాలి, రెండు రకాల జవాబులూ వచ్చే అవకాశం ఉండాలి.

రెండో వారం నమూనాల సేకరణ. ఇక్కడ చేసే పొరపాట్లు తర్వాత ఏ పరికరంతోనూ సరికావు. బోరును రెండు మూడు నిమిషాలు పారనిచ్చాకే నీళ్లు పట్టాలి, లేకపోతే పైపులో నిలవున్న నీటినే కొలుస్తాం. సీసాను అదే నీటితో మూడుసార్లు కడగాలి. ఫ్లోరైడు కోసం ప్లాస్టిక్ సీసానే వాడాలి, గాజు వద్దు. నీళ్లు పట్టకముందే లేబులు అంటించాలి. తడి సీసాకు అంటించిన లేబులు దారిలోనే ఊడిపోతుంది, ఆ తర్వాత ఏది ఎవరి బోరో ఎవరూ చెప్పలేరు. లేబులు మీద చోటు, తేదీ, సమయం, తెలిస్తే బోరు లోతు ఉండాలి. యజమాని పేరు మాత్రం వద్దు, సంకేత సంఖ్య చాలు. ఎవరి బోరులో ఏముందో పేరుతో సహా గోడమీద పెడితే అది చదువు దాటి ఊరి తగువవుతుంది.

కొలిచేవి నాలుగు: పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు), కాఠిన్యత (కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చేది), ఫ్లోరైడు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనిచోట 2,000 వరకు ఒప్పుకుంటారు. కాఠిన్యతకు అవే హద్దులు 200, 600. ఫ్లోరైడుకు 1.0, 1.5. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి.

కాఠిన్యత కొలవడం తొమ్మిదో తరగతికి కష్టమని చాలామంది ఉపాధ్యాయులు అనుకున్నారు. బ్యూరెట్లు చాలకపోయినా 5 మిల్లీలీటర్ల సిరంజితో చేయవచ్చు. 10 మిల్లీలీటర్ల నీటికి అమ్మోనియా బఫరు (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కొద్ది చుక్కలు, ఎరియోక్రోమ్ బ్లాక్-టి సూచిక చిటికెడు కలిపితే ద్రాక్ష ఎరుపు వస్తుంది. కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే ఇడిటిఎ రసాయనం 0.01 మోలార్ ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ నీలం రంగు వచ్చేదాకా పోవాలి. వాడిన మిల్లీలీటర్లను 100తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల్లో కాఠిన్యత. 3.6 మి.లీ. పడితే 360. సిరంజి మీద 0.1 మి.లీ. తేడా అంటే జవాబులో 10 తేడా, ఆ సంగతి పిల్లల చేతే రాయించాలి. ఎక్కువమంది తప్పేది ఊదారంగు దగ్గర ఆగిపోవడంలో. ఎరుపు ఛాయ పూర్తిగా పోవాలి. అందుకు పక్కన నీలం వచ్చిన గొట్టం ఒకటి పోలిక కోసం పెట్టుకోవాలి. బఫరు పాతదై అమ్మోనియా ఎగిరిపోతే పీహెచ్ 10 దగ్గర నిలవదు, రంగు మార్పు స్పష్టంగా రాదు. సీసా మూత తీయగానే ఘాటు రాకపోతే ఆ బఫరు పారేయండి. ఘాటు చూడటం, బఫరు కలపడం టీచరు పని, కిటికీలు తెరిచిన గదిలోనే చేయాలి.

ఫ్లోరైడుకు కిట్టు వాడాం. ఇందులో రంగును కార్డుతో పోల్చి చూస్తాం. ఎండలో ఒక రంగు, ట్యూబులైటు కింద ఒక రంగు కనిపిస్తుంది. నీడలో, తెల్ల కాగితం ముందు, ప్రతిసారీ ఒకే విద్యార్థి చూడాలి. కార్డు మీద 1.0, 1.5 అని మెట్లున్నప్పుడు "1.3" అని రాయకూడదు, "1.0కి 1.5కి మధ్య" అని రాయాలి. కొలవనిదాన్ని అంకెగా రాయకపోవడం కూడా సైన్సు పాఠమే. 1.5 దాటిన నమూనా వస్తే ఊళ్లో చెప్పకముందు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకోవాలి.

ఇంకో పని తప్పక చేయండి: ఒకే నీటిని రెండు సీసాల్లో వేరు సంఖ్యలతో రెండు జట్లకు ఇవ్వండి, వాళ్లకు చెప్పకుండా. రెండు జవాబుల మధ్య తేడాయే మన కొలతలో ఉన్న దోషం. అంతకంటే చిన్న తేడాలు చూపించి "ఆ బోరు మంచిది, ఈ బోరు చెడ్డది" అనే హక్కు మనకు లేదని పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.

ఇక ప్రశ్నకు జవాబు. ఉప్పు నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువని పిల్లలు, పెద్దలు కూడా అనుకుంటారు. టీడీఎస్ మీటరు చూసి "మూడు వందలే, మంచి నీళ్లు" అంటారు. ఆ మీటరు చూసేది నీటి విద్యుత్ వాహకతను. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాల్లో ఫ్లోరైడు 2 మిల్లీగ్రాములుందో అరమిల్లీగ్రాముందో అది చెప్పలేదు. పైగా మన గ్రానైటు నేలల్లో కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేటు ఎక్కువ ఉన్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా కరిగి ఉండే అవకాశం ఉంది. కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడుతో కలిసి కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు చేరుతుంది. అంటే పప్పు త్వరగా ఉడికే, సబ్బు బాగా నురగొచ్చే "మంచి నీళ్లు" ఫ్లోరైడు విషయంలో నమ్మదగినవి కాకపోవచ్చు. కాఠిన్యత, ఫ్లోరైడు అంకెలను పక్కపక్కన గ్రాఫులో పెట్టినప్పుడే ఈ చర్చ పుడుతుంది. రసాయనశాస్త్రంలో ద్రావణీయత పాఠానికి అంతకంటే మంచి ప్రవేశం మాకు దొరకలేదు.

గణిత టీచరు ఇదే పట్టికను తీసుకుంటారు. అభ్యాసానికి ఇచ్చిన ఉదాహరణ: అయిదు బోర్లలో ఫ్లోరైడు 0.6, 0.8, 0.9, 1.1, 4.1. సగటు 1.5, మధ్యగతం (వరుసలో నడిమి అంకె) 0.9. సగటు చూస్తే ఊరంతా హద్దు మీద ఉంది. మధ్యగతం చూస్తే ఊరు బాగుంది. నిజానికి ప్రమాదంలో ఉన్నది ఒక్క బోరు తాగే కుటుంబాలు, ఆ ఒక్క బోరు రెండు అంకెల్లోనూ కనిపించదు. సాంఖ్యకశాస్త్రం ఎందుకు చదవాలో ఈ పట్టిక దగ్గర ఏ పిల్లవాడూ అడగడు. సాంఘికం టీచరు సంకేత సంఖ్యలతో పటం గీయిస్తారు, తెలుగు టీచరు పంచాయతీకి వినతిపత్రం రాయిస్తారు.

టీచరు చెప్పాలా, పిల్లలే కనుక్కోవాలా

సమావేశాల్లో ఎక్కువసేపు నడిచిన చర్చ ఇది. ప్రాజెక్టు బోధన అంటే టీచరు పక్కకు తప్పుకోవడం అన్న అభిప్రాయంతో మన సంఘం ఏకీభవించదు. కొత్తగా నేర్చుకునేవాళ్లను మార్గదర్శనం లేకుండా వదిలితే వాళ్ల ధ్యాసంతా వెతుక్కోవడానికే ఖర్చయి, నేర్చుకోవాల్సింది మిగలదని 2006లో విద్యా మనోవిజ్ఞాన పరిశోధకులు కిర్షనర్, స్వెల్లర్, క్లార్క్ గట్టిగా వాదించారు. ఆ వాదన ప్రాజెక్టును వదిలేయమనడానికి కారణం కాదని, పాఠాన్ని ప్రాజెక్టు లోపల సరైన చోట పెట్టమని చెబుతోందని మా అవగాహన. సిరంజి చేతికిచ్చే ముందు పావుగంట నేరుగా పాఠం చెప్పాలి. ఒక లెక్క టీచరు పూర్తిగా చేసి చూపాలి, రెండోది సగం చేసి ఇవ్వాలి, మూడోది పిల్లలు సొంతంగా చేయాలి. ఈ మెట్లు తప్పించిన చోట చురుకైన ఇద్దరు పనంతా చేస్తారు, మిగతావాళ్లు సీసాలు మోస్తారు.

దానికి విరుగుడుగా జట్టుకు నలుగురే, పనులు వారంవారం మారాలి: కొలిచేవారు, రాసేవారు, లెక్క సరిచూసేవారు, సామాను చూసేవారు. పది మార్కుల్లో ప్రశ్నకు 2, రికార్డు పుస్తకానికి 3, లెక్కలు, గ్రాఫులకు 3, ఒక్కొక్కరినీ విడిగా అడిగే మౌఖిక ప్రశ్నకు 2. చివరి రెండు మార్కులే మిగతా ఎనిమిదింటినీ నిజాయితీగా ఉంచుతాయి. రికార్డు పుస్తకంలో కొట్టివేతలకు మార్కులు తగ్గించకూడదు. తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టి పక్కన సరైనది రాయాలి. వైట్‌నర్ కనిపిస్తేనే తగ్గించాలి.

టీచరు వ్యాఖ్య మూడో వారంలో రావాలి. ప్రదర్శన రోజున చెప్పే వ్యాఖ్యతో ఏమీ మారదు, దిద్దుకునే సమయం అయిపోయి ఉంటుంది.

పదో తరగతి చిన్న ప్రాజెక్టులు

పబ్లిక్ పరీక్షల ఒత్తిడి వల్ల ఇక్కడ రెండు వారాలకు మించి తీసుకోలేదు.

త్రికోణమితి అనువర్తనాలకు కోణమానిని, స్ట్రా, దారం, నట్టుతో క్లైనోమీటరు (ఎత్తు కోణం కొలిచే సాధనం) చేయించాం. దారం చూపే కోణాన్ని 90 నుంచి తీసేయడం, చివర్లో కంటి ఎత్తు కలపడం, ఈ రెండూ మరిచిపోవడం మామూలే. అంతకంటే విలువైనది ఎక్కడ నిలబడి కొలవాలన్న ప్రశ్న. 20 మీటర్ల ఎత్తును 45 డిగ్రీల దగ్గర కొలిస్తే ఒక డిగ్రీ తప్పుకు సుమారు 70 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 70 డిగ్రీల దగ్గర కొలిస్తే 1.1 మీటర్లు. గోపురంలాగా అడుగు మధ్యకు చేరలేని చోట రెండు స్థానాల నుంచి కొలవాలి. ఆ రెండు కోణాలు 40, 44 అయితే, 44ను 45గా చదివినందుకే 20 మీటర్ల గోపురం 16.3 మీటర్లవుతుంది. 30, 60 అయితే అదే ఒక డిగ్రీ తప్పుకు 19.6 వస్తుంది. పుస్తకంలో ఎప్పుడూ 30, 60 ఎందుకుంటాయో అని విసుక్కునే పిల్లలకు ఇక్కడ లెక్క సులువు ఒక్కటే కాక ఇంకో కారణం దొరుకుతుంది.

విద్యుత్ పాఠానికి బడి మీటరే పరికరం. మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులని రాసుంటే, ఫ్యాన్లు మాత్రమే వేసి నిమిషానికి ఎర్ర లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టాలి. 80 సార్లయితే 80 × 60 ÷ 3200 = 1.5 కిలోవాట్లు. 75 వాట్ల ఫ్యాన్లు ఇరవై ఉంటే సరిగ్గా అంతే రావాలి. రాకపోతే ఎందుకన్నదే ప్రాజెక్టు. అదే ఇరవై ఫ్యాన్లు రోజుకు 6 గంటలు తిరిగితే 9 యూనిట్లు, కరెంటు తక్కువ తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 3.6. 220 పని దినాలకు తేడా 1,188 యూనిట్లు. మీటరు దగ్గరికి పిల్లలు చూడటానికే వెళ్లాలి, మూత తెరవడం, తీగలు ముట్టడం పూర్తిగా నిషేధం.

వచ్చే ఏడాదికి

సర్వసభ్య సమావేశం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, ప్రాజెక్టు పీరియడ్లను జూన్‌లో టైంటేబులు వేసేటప్పుడే ఖాయం చేయించడం. దసరా తర్వాత అడిగితే దొరకవు. రెండు, నీటి ప్రాజెక్టును వర్షాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అవే బోర్లలో చేయించడం, పాత రికార్డు పుస్తకాలను కింది తరగతికి అప్పగించడం. మూడు, రసాయనాలను ఒకేసారి కొని నిల్వచేయకుండా టర్ముకోసారి కొనడం. ఫ్లోరైడు కిట్టు గడువు తేదీని కొన్న రోజే పెట్టె మీద పెద్దక్షరాలతో రాయాలి.

ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన సభ్యులు నెలకు ఒక పూట ఇవ్వగలిగితే ఇడిటిఎ ద్రావణం తయారీ, దాన్ని తెలిసిన గాఢతతో సరిచూడటం వాళ్లకు అప్పగిస్తాం. పేర్లను కార్యదర్శికి జూన్ మొదటి వారంలోగా ఇవ్వగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి