ఓడ కదిలే టైము కాదు, చెక్-ఇన్ మూసే టైము చూడండి

సంపాదకులకు,

సైకిల్‌ను రైల్లో వేసుకుని రేవుకెళ్లి ఓడ ఎక్కడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ ఓడ బయల్దేరే సమయాన్ని బట్టి రైలు ఎంచుకోమన్నారు. ఓడ తప్పిపోయేది సరిగ్గా అక్కడే. చూడాల్సింది చెక్-ఇన్ ముగిసే వేళ. అది ముప్పావుగంట ముందే కావచ్చు, గంటన్నర ముందూ కావచ్చు.

అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. రాత్రి 9కి ఓడ, 8.15కి చెక్-ఇన్ మూసేస్తారనుకుందాం. స్టేషన్ నుంచి రేవు 8 కిలోమీటర్లుంటే బరువు సంచులతో, తెలియని దారిలో 40 నిమిషాలు. రైల్లో పట్టేందుకు విప్పిన సైకిల్‌ను మళ్లీ బిగించడానికి ఇంకో అరగంట. అంటే 7.05కల్లా రైలు దిగాలి. దాని ముందు రైలెక్కితే ఇంకా నయం, పంక్చర్‌కీ కాస్త వ్యవధి ఉంటుంది.

విప్పకుండా ఎక్కించనిచ్చే రైలు ఉంటే, ప్యాసింజరైనా సరే, దాన్నే పట్టుకోండి. సీటుకు రిజర్వేషన్ ఉంటే సైకిల్‌కూ ఉన్నట్టు కాదు. యూరోపియన్ యూనియన్ 2021లో చేసిన నిబంధన కొత్తగా కొనే రైళ్లకు పెట్టిన కనీస పరిమితి రైలుకు 4 సైకిళ్లు. నాలుగే! నెదర్లాండ్స్‌లోనైతే పనిదినాల్లో ఉదయం 6.30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6.30 దాకా మామూలు సైకిల్‌ను రైలెక్కనివ్వరు. జులై, ఆగస్టుల్లో ఈ పట్టింపు లేదు. మడిచే సైకిల్‌కు ఏ నెలలోనూ లేదు.

విప్పక తప్పకపోతే ముందు పెడల్స్. ఎడమ పెడల్ మర ఉల్టాగా ఉంటుంది. అది మరిచి బలమంతా పెట్టి ఇంకా బిగించేసేవాళ్లే ఎక్కువ. పానా నిటారుగా పైకి ఉండేలా పట్టించి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడల్సూ ఊడతాయి. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకైతే చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చాలి. లేకుంటే సంచిలో లీవర్ నొక్కుకుని ప్యాడ్లు దగ్గరపడతాయి, డిస్క్ మళ్లీ దూరదు. చైన్‌ను వెనక అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి దించి, గేరున్న కుడివైపు పైకి ఉండేలా పడుకోబెట్టాలి. గేరును మోసే హ్యాంగర్ మెత్తటి అల్యూమినియం. అది వంగితే గేరు వెళ్లి స్పోకుల్లో పడుతుంది. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, రేవు దగ్గర వెతికితే దొరకదు. ముందే ఒకటి కొని సంచిలో వేసుకోండి.

ఓడ టికెట్టులో సైకిల్ కూడా చేర్పించాలి. చాలాచోట్ల సైకిళ్లు కార్లు, లారీలు వెళ్లే దారినే లోపలికి వెళ్తాయి. ర్యాంపు మీద నూనె, తడి, ఇనుప అతుకులు. దిగి నడిపించుకెళ్లడం మేలు. ఓడ లోపల సైకిల్‌ను కడ్డీకి కట్టేటప్పుడు తాడుకూ ఫ్రేముకూ మధ్య గుడ్డ పెట్టండి, ముందు చక్రం బ్రేకు లీవర్‌ను రబ్బరు బ్యాండుతో నొక్కి ఉంచండి. ఓడ ఊగినా చక్రం దొర్లదు. ప్రయాణంలో వాహనాల డెక్‌కు సాధారణంగా తాళం వేస్తారు కాబట్టి పాస్‌పోర్టు, మందులు, చలికోటు ముందే చిన్న సంచిలో పైకి తీసుకెళ్లాలి. అవతలి ఒడ్డున చైన్ తుడిచి రెండు చుక్కలు నూనె వేస్తే ఉప్పుగాలికి పట్టే తుప్పు ఆగుతుంది.

ఇట్లు,
సైకిల్ మీద తిరిగే కొందరు పాఠకులు