టిప్ లేచాడా, లేచిందా?

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఆరో తరగతి పిల్లలచేత లైబ్రరీ పీరియడ్‌లో చదివిస్తున్న పుస్తకం గురించి ఇద్దరు తల్లులు, ఒక తాతగారు ఈ మధ్య నన్ను కలిశారు. "కథలో అబ్బాయి చివరికి అమ్మాయి అవుతాడట కదండీ, ఈ వయసు పిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అన్నారు. వారి మాటలో కోపం లేదు, బెంగ ఉంది. గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపడం నాకు నచ్చలేదు. అందుకే ఈ నెల ఉత్తరం దాని గురించే రాస్తున్నాను.

ఆ పుస్తకం అమెరికా రచయిత ఎల్. ఫ్రాంక్ బామ్ 1904లో రాసిన 'ది మార్వెలస్ ల్యాండ్ ఆఫ్ ఓజ్'. డొరొతీ అనే పాపను సుడిగాలి ఓజ్ అనే మాయలోకానికి ఎత్తుకుపోయే మొదటి కథ 1900లో వచ్చింది. ఇది రెండోది. మోంబీ అనే మంత్రగత్తె ఇంట్లో చాకిరీ చేస్తూ పెరిగిన టిప్ అనే అబ్బాయి, ఆమెను భయపెట్టడానికి గుమ్మడికాయ తలతో ఒక కొయ్యమనిషిని చేస్తాడు. మోంబీ దాని మీద ప్రాణం పోసే పొడి చల్లుతుంది. ఆ గుమ్మడితల జాక్ లేచి టిప్‌ను 'నాన్నా' అని పిలవడం మొదలుపెడతాడు. ఎన్నో సాహసాల తరువాత తేలేదేమిటంటే, ఓజ్ రాజ్యానికి అసలు వారసురాలైన ఓజ్మాను మోంబీ పసితనంలోనే అబ్బాయిగా మార్చేసింది. ఆ అబ్బాయే టిప్.

ఆ ఘట్టాన్ని తరగతిలో చదివి వినిపించింది నేనే. టిప్ మొదట ఒప్పుకోడు. అబ్బాయిగానే ఉంటాను, స్నేహితులతో ఊళ్లు తిరుగుతాను అంటాడు. నువ్వు అమ్మాయివైతే ఇక నాకు నాన్నవు కావు కదా అని జాక్ దిగులుపడతాడు. చివరికి టిప్ కొన్నాళ్లు ఉండి చూస్తాను, నచ్చకపోతే మళ్లీ మార్చేయాలి అని షరతు పెడతాడు. మంచి మంత్రగత్తె గ్లిండా అది కుదరదంటుంది. ఉన్నదాన్ని లేనట్టు చూపే రూపమార్పిడి మంత్రాల్లో నిజాయితీ ఉండదు, నేను వాటి జోలికి పోను అంటుంది. మోంబీ తన మంత్రాన్ని తానే విప్పాక, తెరలు దించిన మంచంలోంచి ఓజ్మా బయటికి వచ్చి, మీకు నా మీద ప్రేమ తగ్గదు కదా, నేను ఆ టిప్‌నే, కాకపోతే... అని ఆగిపోతుంది. కాకపోతే వేరేగా ఉన్నావు, అంటాడు జాక్. వాడు అంతవరకూ అన్న మాటల్లోకెల్లా తెలివైనది ఇదేనని అందరికీ అనిపిస్తుంది. ఆ వాక్యం దగ్గర తరగతి నిశ్శబ్దమైపోయింది.

తరువాత పిల్లలను కథ తెలుగులో రాయమన్నాం. ఇంగ్లిషులో సర్వనామం మారిస్తే సరిపోతుంది. మనకు క్రియ కూడా మారాలి కదా. టిప్ లేచాడు, ఓజ్మా లేచింది. ఒక అమ్మాయి నోటుబుక్కులో ఆ చోట 'లేచా' అని రాసి, కొట్టేసి, పైన 'లేచారు' అని దిద్ది ఉంది. ఎందుకమ్మా అని అడిగాను. "తెర వెనక ఉన్నప్పుడు ఎవరో నాకు తెలియదు కదా సార్. గౌరవంగా రాస్తే తప్పు కాదనుకున్నాను" అంది. ముప్పై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఆ ప్రత్యయాన్ని అలా వాడవచ్చని నాకెప్పుడూ తోచలేదు.

నూట ఇరవై ఏళ్లుగా ఈ ఘట్టాన్ని ఒక్కో తరం ఒక్కోలా చదువుతోంది. ఆనాటి పాఠకులకు ఇదేమీ వింత కాదు. ఇంగ్లిషు నాటకాల్లో బాలుడి వేషం నటీమణులు వేయడం అప్పటి ఆనవాయితీ. అదే 1904 డిసెంబరులో లండన్‌లో తొలిసారి ఆడిన 'పీటర్ పాన్' నాటకంలో ఆ పేరుగల బాలుడి పాత్రను పోషించింది ఒక నటీమణే. మన స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగం మీదికి వస్తే మన పెద్దలు మురిసిపోయినట్టే అనుకోండి. బామ్ అత్తగారు మటిల్డా జోస్లిన్ గేజ్ మహిళల ఓటుహక్కు కోసం పోరాడిన నాయకురాలు. ఆయనా ఆ హక్కును సమర్థించిన మనిషే. అయినా ఇదే పుస్తకంలో అల్లిక సూదులు పట్టుకుని రాజధానిని జయించిన ఆడపిల్లల సేనను చూసి నవ్విస్తాడు. స్త్రీవాద పాఠకుల్లో కొందరికి ఓజ్మా రావడం కంటే టిప్ పోవడమే బాధ. ఊళ్లు తిరిగిన పిల్ల సింహాసనానికి అతుక్కుపోయిందే అంటారు. ఇంకోవైపు, పుట్టినప్పుడు పెట్టిన గుర్తింపుకూ తమ మనసుకూ పొంతన కుదరని ట్రాన్స్‌జెండర్ పాఠకులు ఈ పేజీలో తమ బాల్యాన్ని చూసుకున్నారు.

నా మట్టుకు నాకు ఆ చివరి పఠనం పూర్తిగా అతకదనిపిస్తుంది. టిప్‌కు తాను అమ్మాయినన్న ఊహే లేదు, మార్పు తాను కోరుకున్నదీ కాదు. అయినా ఒక ఒంటరి పిల్లకో పిల్లాడికో ఆ పేజీ తోడైందంటే, అది నీ కథ కాదని చెప్పే అధికారం నాకు లేదు. తిక్కన గారి విరాటపర్వంలో బృహన్నలను మనం ఏ బెంగా లేకుండా పిల్లలకు చెబుతూనే ఉన్నాం. ఆ సంగతి గుర్తుచేసింది కూడా పిల్లలే.

కాబట్టి పుస్తకాన్ని తీసేయడం లేదు. ఇంట్లో పిల్లలు దీని గురించి అడిగితే, ముందు వాళ్లకేమనిపించిందో చెప్పనివ్వండి. మీ అభిప్రాయం వేరైతే అదీ చెప్పండి. వాళ్లు వాదిస్తారు, వాదించనివ్వండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు లైబ్రరీలో ఆ ఘట్టాన్ని పిల్లలే చదువుతారు. మీరూ రండి, తాతయ్యలనూ అమ్మమ్మలనూ తీసుకురండి. ఇకమీదట జాక్ ఓజ్మాను ఏమని పిలవాలో తరగతిలో ఇంకా తేలలేదు. 'నాన్నా' అనే పిలవాలని పదకొండు మంది, 'అమ్మా' అనాలని తొమ్మిది మంది పట్టుబడుతున్నారు. 'లేచారు' అని రాసిన అమ్మాయి మాత్రం ఓజ్మానే అడగాలంటోంది.

మీ
ప్రధానోపాధ్యాయుడు