పెరట్లో తవ్వుతున్న గొయ్యి గురించి నాన్నగారికి

గాల్వే కౌంటీ,
ఐర్లాండ్.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

మేమంతా ఇక్కడ క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, విని సంతోషించాను. కొత్త ఇంటి పెరట్లో సెప్టిక్ ట్యాంకు కోసం తవ్వుతున్న గొయ్యి ఫొటో కూడా వాడు పంపాడు. అడుగున అప్పుడే నీరు ఊరింది, పక్కనే చేతిపంపు ఉంది. మేస్త్రీ అందులో సిమెంటు వరలు దించి, నిండిన నీరు పోవడానికి పంట కాలువలోకి ఒక గొట్టం పెడతానన్నాడట. ఆ పని కొద్ది రోజులు ఆపించమని మిమ్మల్ని వేడుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడి పల్లెల్లో ఇళ్లు పొలాల మధ్య ఒక్కొక్కటిగా విసిరేసినట్లు ఉంటాయి కాబట్టి అందరికీ కలిపి భూగర్భ మురుగు కాలువ వేయడం కుదరదు. దేశం మొత్తం మీద దాదాపు 5 లక్షల ఇళ్లకు సెప్టిక్ ట్యాంకు వంటి సొంత ఏర్పాట్లే దిక్కు. వీటిపై తగిన అదుపు లేదని 2009 అక్టోబరులో యూరోపియన్ న్యాయస్థానం ఐర్లాండ్‌ను తప్పుపట్టింది. కావన్ అనే ఒక్క కౌంటీని మాత్రం ఆ తీర్పు నుంచి మినహాయించింది, ఎందుకంటే అక్కడి స్థానిక సంస్థ అప్పటికే సొంతంగా నిబంధనలు పెట్టుకుంది. 2012లో చట్టం వచ్చి, ట్యాంకు ఉన్న ప్రతి ఇంటివారూ నమోదు చేసుకోవాలనీ, స్థానిక అధికారులు తనిఖీలు జరపాలనీ నిర్దేశించింది. నమోదు రుసుము 50 యూరోలు అనేసరికి పల్లెలు భగ్గుమన్నాయి. తొలి నెలల్లో నమోదైనవారి దగ్గర 5 యూరోలే తీసుకున్నారు. జరిగిన జాప్యానికి ఆ ఏడాది డిసెంబరులో అదే న్యాయస్థానం 20 లక్షల యూరోల జరిమానా వేసింది. కావన్ సంగతి చదివినప్పుడల్లా మన పంచాయతీ గుర్తుకు వస్తుంది. పైవాళ్లు చెప్పేదాకా ఆగకుండా ఊరే ముందుకు వస్తే ఎంత బాగుంటుందో కదా!

పోయిన ఏడాది మా ఇంటికీ తనిఖీ వచ్చింది. వచ్చిన అధికారిణి ట్యాంకు మూత తీయించి, పొడవాటి గొట్టం లోపలికి దించి పైకి తీస్తే, అడుగున పేరుకున్న మడ్డి దాదాపు సగం ఎత్తుకు వచ్చింది. ఇంటి కప్పు మీది వాన నీటి గొట్టం కూడా ట్యాంకులోనే కలిసి ఉంది. వాన పడ్డప్పుడల్లా ఆ నీరు లోపలి మురుగును తేరుకోనివ్వకుండా బయటికి తోసేస్తోందన్నమాట. ఆ తరువాత ఆవిడ మా చేతిమొహం కడుక్కునే సింకులో ఆకుపచ్చ రంగు కలిపిన నీళ్లు పోశారు. అరగంట తిరగకుండానే దొడ్డి వెనుక గుంటలో నీరు ఆకుపచ్చగా మారింది. మురుగు ఆ గుంటలోకి పోయేలా పాత యజమాని ఎప్పుడో గొట్టం వేశాడన్నమాట. మా పిల్లలు ఆడుకునే గట్టు ఆ గుంట పక్కనే. నేనూ మీ అల్లుడుగారూ చాలాసేపు నోట మాట లేకుండా నిలబడిపోయాము. ఇక్కడ తనిఖీ చేసినవాటిలో సుమారు సగం ఇలాగే తప్పుతున్నాయట. బాగు చేయించుకునేందుకు అర్హులైనవారికి 2024 నుంచి ఖర్చులో 85 శాతం, గరిష్ఠంగా 12,000 యూరోల వరకు ప్రభుత్వం ఇస్తోంది.

ఆవిడ చెప్పిన ఒక్క విషయం మీకు తప్పక తెలియజేయాలి. ట్యాంకు మురుగును శుభ్రం చేయదు. మడ్డిని అడుగుకు దించి, తెట్టును పైన ఆపుతుంది, అంతే. మధ్యలోంచి బయటికి వచ్చే నీటిలో రోగకారక క్రిములు అలాగే ఉంటాయి. ఆ నీరు తడి లేని మట్టిలోంచి మెల్లగా ఇంకుతున్నప్పుడే అవి నశిస్తాయి. అందుకే ఇక్కడ ట్యాంకు కట్టేముందు గుంట తవ్వి, నీళ్లు పోసి, మట్టం ఎంతసేపటికి దిగుతుందో గడియారం పెట్టి చూస్తారు. గాల్వేలో చాలాచోట్ల మట్టి పలచన, కింద పగుళ్ల సున్నపురాయి. మురుగు ఆ పగుళ్లలోంచి జారి నేరుగా బావుల్లోకి చేరుతుంది. మన కోనసీమలో రాయి లేదు గానీ, కాలువలు వదిలితే నాలుగడుగుల్లోనే నీరు. వరల గొయ్యి ఆ నీటిలోనే కూర్చుంటుంది కాబట్టి, మురుగుకూ చేతిపంపు నీటికీ మధ్య పొడి మట్టి అన్నదే మిగలదు.

కాబట్టి, నాన్నగారూ, ఆ గొయ్యిని పూడ్పించి, మరుగుదొడ్డి అరుగును ఎత్తు పెంచి, ట్యాంకును సగం నేలపైకి వచ్చేలా, అడుగున కూడా కాంక్రీటు వేసి, నీరు కారని విధంగా రెండు గదులుగా కట్టించండి. బయటికి వచ్చే నీటికి చేతిపంపుకు దూరంగా ఇసుక, కంకరతో మెరక దిబ్బ వేయించండి. కాలువలోకి గొట్టం మాత్రం వద్దు. దిగువ ఊళ్లవారు ఆ నీళ్లలోనే గిన్నెలు తోముకుంటారు. మూతల మీద టైల్సు పరిపించవద్దు. గాలి గొట్టానికి దోమతెర కట్టించండి.

రెండు మూడేళ్లకొకసారి మడ్డి తీయించాలి. అది ట్యాంకరుతోనే జరగాలి. మనిషిని మాత్రం, ఎంత కూలి అడిగినా, ఎంత ధైర్యం చెప్పినా, లోపలికి దించనివ్వకండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా దించడం మన దేశంలో 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువు వాసన తెలిసేలోపే మనిషిని పడగొడుతుంది. రక్షించబోయి దిగినవాడూ తిరిగి రాడు. ట్యాంకరువాడు ఆ మడ్డిని ఎక్కడ పారబోస్తాడో కూడా ముందే అడగండి.

గొయ్యిలో నీటి మట్టం నేల నుంచి ఎన్ని అడుగుల లోతున ఉందో, చేతిపంపు దానికి ఎన్ని అడుగుల దూరమో తమ్ముడి చేత టేపుతో కొలిపించి పంపండి. ఆ కొలతలతో నేను ఇక్కడి ఇంజినీరును అడిగి, చిన్న పటం గీయించి మేస్త్రీకి పంపుతాను. ఎత్తు పెంచడానికయ్యే అదనపు ఖర్చు నేను భరిస్తాను.

అమ్మకు నా నమస్కారములు.

మీ కుమార్తె