ఒకే కోడ్, ఒకరికే రక్షణ

సంపాదకుడు గారికి,

విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ గురించి, ‘లినక్స్‌లో వీడియో కూడా సరిగ్గా ఆడదు’ అని మొన్న ఈ శీర్షికలో ఒక పాఠకుడు విసుక్కున్నారు. ఆ విసుగు నాకూ అనుభవమే. ఫోన్‌లో తీసిన వీడియోను లినక్స్ లాప్‌టాప్‌లో తెరిస్తే బొమ్మ ఆగి ఆగి వచ్చింది, ఫ్యాన్ హోరెత్తింది. తీరా చూస్తే అది హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన వీడియో. దాన్ని ఆడించే సత్తా గ్రాఫిక్స్ చిప్‌కు ఉంది, ఆ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లో కోడూ ఉంది. ప్యాకేజీ కట్టేటప్పుడు డిస్ట్రో (లినక్స్‌ను ఒక కూర్పుగా చేసి ఇచ్చేవారు) వాళ్లు పేటెంట్ల భయంతో ఆ ముక్కను ఆపేశారు, అంతే. వేరే రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ భండారం) నుంచి అదే డ్రైవర్ తెచ్చి వేసుకున్నాక ఫ్యాన్ నోరు మూసింది.

కాబట్టి తప్పు ప్రోగ్రామర్లది కాదు. ఇలాంటి వీడియో పేటెంట్లకు ఫీజు సాధారణంగా కాపీకి ఇంత అని ఉంటుంది. ఎవరైనా ఎన్ని కాపీలైనా తీసుకోగల సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్క ఎవరు చూస్తారు? హెచ్.265కు ముందు తరమైన హెచ్.264 విషయంలో 2013లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో ఒక దారి వెతికింది. ఆ వీడియోలకు పనికొచ్చే ఓపెన్‌హెచ్264 కోడ్‌ను అందరికీ ఇస్తూ, తాను కంపైల్ చేసి (నడిచే రూపంలోకి మార్చి) ఇచ్చే ఫైలుకు ఫీజు తానే కడతానంది. మంచి పనే, కాదనను. కానీ అదే కోడ్‌ను మీరు మీ మెషీన్‌లో కంపైల్ చేసుకుంటే ఆ రక్షణ మీకు వర్తించదు. అందుకే ఫెడోరా లాంటి డిస్ట్రో కూడా ఆ ఫైలును సిస్కో దగ్గర నుంచే దించుకునేలా ఏర్పాటు చేసింది.

2006 నవంబరులో మైక్రోసాఫ్ట్, సూసె అనే లినక్స్ డిస్ట్రోను అమ్మే నోవెల్ కంపెనీ కుదుర్చుకున్న ఒప్పందం ఇంకా అన్యాయం. ఒకరి కస్టమర్ల మీద ఒకరు పేటెంట్ కేసులు వేయకూడదని మాట ఇచ్చుకున్నారు. నోవెల్ దగ్గర సూసె కొన్నవారికి భరోసా దొరికింది, అదే కోడ్‌ను మరో డిస్ట్రోలో వాడేవారికి దొరకలేదు. విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకునేందుకు వాడే సాంబా సాఫ్ట్‌వేర్ డెవలపర్ జెరెమీ అలిసన్ దీనికి నిరసనగా నోవెల్‌లో ఉద్యోగమే వదిలేశారు. ఎన్నో ఉచిత సాఫ్ట్‌వేర్లకు వాడే లైసెన్సు జీపీఎల్. 2007లో వచ్చిన దాని మూడో వెర్షన్ ఇలాంటి ఒప్పందాలను నిషేధించింది. అప్పటికే కుదిరినదాన్ని మాత్రం వదిలేశారనుకోండి.

అదే మైక్రోసాఫ్ట్ 2018లో ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. అందులో సభ్యులు లినక్స్‌కు సంబంధించిన పేటెంట్లను ఒకరికొకరు ఉచితంగా వాడుకోనిస్తారు, ఎవరైనా చేరవచ్చు. మరుసటి ఏడాది, పెద్ద మెమరీ కార్డుల్లో ఫైళ్లు అమర్చే తన పద్ధతి ఎక్స్‌ఫ్యాట్ వివరాలు బయటపెట్టింది, కొన్ని నెలల్లోనే లినక్స్ మూలభాగమైన కెర్నెల్ 5.4 వెర్షన్‌లోకి దాని డ్రైవర్ వచ్చింది. పెద్ద మెమరీ కార్డు పెట్టిన ప్రతిసారీ విడిగా ప్యాకేజీ వెతుక్కున్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. కోడ్ ఎవరి చేతికి వెళ్తే వాళ్లకల్లా వర్తించే ఒప్పందాలే కావాలని అడగాల్సింది ఇందుకే.

ఈలోగా డిస్ట్రోల వాళ్లకు ఒక విన్నపం. ఏ ఫీచర్‌ను ఎందుకు ఆపేశారో ఇన్‌స్టాలర్‌లోనే ఒక్క లైను రాయండి. అది ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి లాయర్లు ఒప్పుకోకపోవచ్చు. ఎందుకు లేదో చెప్పడానికి ఏం అడ్డం?

— ఒక లినక్స్ వాడుకరి