మూడో అట్టుకి ఉత్తరం

ఒరేయ్ మూడో అట్టూ,

నువ్వు రాసి రెండు నెలలు దాటింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తప్పు నాదే, క్షమించు. ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మకి షుగర్ మందులు మార్చారు, చెల్లి ఉద్యోగంలో చేరింది, మన మేడ పక్క పెంకుటిల్లు పడగొట్టేశారు. మిగతా కబుర్లు ఇంకోసారి. అసలు సంగతి చెప్పకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

మొన్న కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నాను రా. ఈ మందులతో ఉపవాసాలు కుదరవని డాక్టరు అమ్మకి గట్టిగా చెప్పారు. ఇన్నేళ్ల నియమం ఆగిపోయిందని ఆవిడ దిగులుపడుతుంటే చూడలేక, నీ బదులు నేనుంటానన్నాను. తెల్లారకుండానే పుష్కరాల రేవులో స్నానం చేసి, దీపం వదిలి వచ్చాను. అంతవరకూ హాయిగానే ఉంది. కానీ అదే రోజు సామర్లకోటలో పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశం. నన్ను ఎక్కడ కూర్చోబెట్టారనుకున్నావు? ఉగ్రాణం దగ్గర! వంటవాళ్లు అడిగిన సామాను తీసి ఇవ్వాలి. గాడిపొయ్యి నాకు పది అడుగుల దూరంలో ఉంది.

పదింటి దాకా ఏమీ అనిపించలేదు. పులిహోర పోపులో ఇంగువ పడింది చూడు, అక్కడ మొదలైంది. నోట్లో ఊట ఊరినట్టు నీళ్లు. మింగుతుంటే మళ్లీ వస్తున్నాయి. తర్వాత కంద బచ్చలి కూరలో ఆవ కలిపారు. ఆ ఘాటు ముక్కుకి తగలగానే కడుపు గట్టిగా అరిచింది, పక్కనున్నాయన తిరిగి చూశాడు. ఇక పెనం మీద బొబ్బట్టు పొంగుతుంటే దాని చుట్టూ నెయ్యి పోస్తున్నారు. ఆ చుయ్ మనే చప్పుడుకే నా చేతులు చల్లబడిపోయాయి రా. నుదుటి మీద చమట. అంతలో పెద్దమ్మ మనవరాలు అరచేతంత ముక్క తుంచి "తిను మామయ్యా" అని నా పెదాలకి ఆనించింది. నేను లేచి నూతి దగ్గరికి వెళ్లిపోయాను.

అక్క (కాకినాడలో డాక్టరు, నీకు గుర్తుందిగా, మన రాకెట్టు సంగతి ఇంట్లో చెప్పనిది) కంగారుపడి వేలు గుచ్చి షుగర్ చూసింది. 84. ఏమీ లోటు లేదు. మరి ఎందుకిలా అయ్యానంటే, నూతి చప్టా మీద కూర్చుని ఎంత చక్కగా చెప్పిందనుకున్నావు! కూడు నోట్లో పడేదాకా ఒళ్లు ఆగదట. కంటికి కనిపించినా, ముక్కుకి వాసన తగిలినా మెదడు కడుపుకి కబురు పంపేస్తుందట. లాలాజలం ఊరుతుంది, జీర్ణరసాలు దిగుతాయి, కొద్దిగా ఇన్సులిన్ కూడా ముందే విడుదలవుతుందట. రష్యాలో పావ్లోవ్ అనే ఆయన కుక్కల మీద ఇదే చూశాడు. మింగింది కడుపులోకి దిగకుండా గొంతు దగ్గరే బయటికి వచ్చేసేలా ఆపరేషన్ చేసినా, కడుపులో రసాలు ఊరుతూనే ఉన్నాయట. జీర్ణక్రియ మీద ఆయన చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆఘ్రాణం అర్ధభోజనం అని మన బామ్మలు నైవేద్యం వాసన కూడా చూడనిచ్చేవాళ్లు కాదు, గుర్తుందా? వాళ్లకి పావ్లోవ్ ఎవరో తెలీదు. ఆ మాట మాత్రం ఎంత నిజమో నాకు ఆ నూతి దగ్గర తెలిసింది.

ఇంకో వింత విను. ఒంటిగంటకి పంక్తి లేచేసరికి ప్రాణం పోయేలా ఉంది. మూడింటికి ఆ ఆకలే లేదు! ఏమీ తినలేదు, మంచినీళ్లు తప్ప. కడుపులో గ్రెలిన్ అనే హార్మోను ఉంటుందట, 1999లో జపాన్ వాళ్లు కనిపెట్టారు. మనం రోజూ తినే వేళకి అది పెరుగుతుంది, తినకపోయినా కాసేపటికి దానంతటదే తగ్గుతుందట. అలలాగ అన్నమాట. అల మీదపడ్డప్పుడు నిలబడితే చాలు. పెద్ద వంటాయన్ని అడిగితే, "పొద్దున్నించీ ఆ వాసనలోనే ఉంటాం బాబూ, మాకు తెలీనే తెలీదు" అన్నాడు. ముక్కు కూడా అలవాటు పడిపోతుంది కాబోలు. నాకు మాత్రం ప్రతి పోపూ కొత్తగానే తగిలింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే... తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కేసుకున్నాను. మనం హాస్టల్ నుంచి చెప్పకుండా దిగిన రోజు ఉంది చూడు, వానలో తడిసి, నువ్వు ఆ మూడో అట్టు గొడవ చేసిన రోజు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఇద్దరికీ ఇరవై దాకా పోసింది. అల్లం పచ్చడి నూరింది. మనం పొయ్యి పక్కనే పీటలేసుకుని, నీకా నాకా అని కొట్టుకుంటూ తిన్నాం. అది కార్తీక సోమవారం రా. మర్నాడు మంగళవారం నుంచి మనకి పరీక్షలు, అందుకే ఖాయంగా చెబుతున్నాను. ఆవిడ పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ల మీద ఉంది. మనిద్దరిలో ఒక్కడు కూడా "నువ్వు తిన్నావా" అని అడగలేదు.

రాత్రి ఇంటికొచ్చి అడిగాను, "ఎలా ఉండేదానివమ్మా?" అని. ఇరవై ఏళ్లకి పైగా మా అందరికీ వండుతూ, ఉప్పు చూడకుండా, వాసన పీలుస్తూ. ఆవిడ సర్దుకుంటూనే చెప్పింది, "మొదటి రెండేళ్లూ ఏడుపొచ్చేదిరా. మీ నాన్న సాయంత్రం పకోడీలు అడిగేవారు, వేయిస్తుంటే కళ్లు తిరిగేవి. ఎవరికి చెబుతాం." అంతే అంది. నాకు గొంతు పట్టేసింది. ఒక్క రోజుకే నేను నూతి దగ్గరికి పారిపోయాను కదా.

నువ్వు ఈసారి ఫోన్ చేసినప్పుడు అమ్మతో మాట్లాడు. అట్ల సంగతి ఎత్తకు, లేదా ఎత్తు, నీ ఇష్టం. నాకు తెలీడం లేదు. వచ్చే సోమవారం కూడా ఉంటానని చెప్పాను, ఆవిడ వద్దంటోంది. ఈసారి పొయ్యి దగ్గర ఆవిడా నేనూ

అమ్మ పిలుస్తోంది, మాత్ర వేళయింది. పక్కింటాయన మీ ఊరు బస్సుకి బయల్దేరుతున్నాడు, ఇది ఆయన చేతికే ఇచ్చేస్తున్నాను. ఆ సాయంత్రం మబ్బులో చుక్క ఎలా కనిపించిందో అది రాయనే లేదు.

నీ
రాకెట్టు